ఇంట్లో చేసిన వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్ముకోవడం: తిరుపతి నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది తిరుపతి, బైరాగిపట్టెడ. శ్రీకాళహస్తిలో చేత్తో వేసిన కలంకారీ గుడ్డ తెచ్చి, ఇంట్లోనే బ్యాగులు, కుషన్ కవర్లు, తాంబూలం సంచులు కుట్టించి ఫోన్ మీదే అమ్ముతాను. షాపు లేదు, బోర్డు లేదు. ఈమధ్య మా వీధిలో ఒకరు క్రోషే బొమ్మలు, ఇంకొకరు మగ్గం వర్క్ బ్లౌజులు, చిత్తూరులో మా చెల్లెలి స్నేహితురాలు టెర్రకోట నగలు మొదలుపెట్టారు. అందరూ "అక్కా, ఆర్డర్లు ఎట్లా వస్తాయి?" అనే అడుగుతున్నారు. ఫోన్‌లో చెప్పిందే మళ్లీ మళ్లీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

ముందు ఏది తెరవాలి? ఇన్‌స్టాగ్రామా, ఫేస్‌బుక్కా, సొంత వెబ్‌సైటా?

ముందు వాట్సాప్ బిజినెస్. యాప్ ఉచితం. దానికి వేరే సిమ్ తీసుకోండి. ఇంటి నంబర్ మీదే పెడితే మీ పిన్నిగారి గుడ్ మార్నింగ్ మెసేజీల మధ్య ఆర్డర్ ఎక్కడో పోతుంది. అందులో క్యాటలాగ్ అని ఒకటి ఉంటుంది. ఒక్కో వస్తువుకీ ఫోటో, ధర, కొలతలు పెట్టుకోవచ్చు. ఎవరైనా "ఏమేం ఉన్నాయి?" అంటే ముప్పై ఫోటోలు ఒక్కొక్కటీ పంపే పని తప్పుతుంది. లేబుళ్లు కూడా ఉంటాయి. నేను "డబ్బు వచ్చింది", "కుట్టడానికి ఇచ్చాను", "పంపేశాను" అని మూడు పెట్టుకున్నాను, ఈ మూడే సరిపోతున్నాయి.

ఇన్‌స్టాగ్రామ్ రెండోది. అది షాపు ముందు అద్దంలాంటిది: దారిన పోయేవాళ్లు చూస్తారు, బేరం జరిగేది మాత్రం వాట్సాప్‌లోనే. ఫేస్‌బుక్‌ని చిన్నచూపు చూడకండి. నలభై దాటిన ఆడవాళ్లు, అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు, కొనే స్తోమత కూడా వాళ్లకే ఎక్కువ.

వెబ్‌సైట్ ఇప్పుడే వద్దు. ఒక ఏడాది ఆర్డర్లు నిలకడగా వచ్చాక చూసుకోవచ్చు.

షాపు పేరు ఎలా పెట్టాలి?

తిరుపతిలో పద్మావతి, శ్రీనివాస, బాలాజీ, గోవింద అన్న పేర్లు టీ కొట్టు నుంచి టైర్ల షాపు దాకా ఉన్నాయి. భక్తితో పెట్టుకుంటే కాదనను, కానీ వెతికేవాళ్లకు మీరు దొరకరు. చిన్న పేరు, ఇంగ్లీషులో ఒకే రకంగా స్పెల్లింగ్ వచ్చే పేరు చూసుకోండి. స్వామివారి ఫోటోని, టీటీడీ గుర్తుని లోగోలోకి లాగొద్దు.

కొనేవాళ్లు అసలు ఎక్కడి నుంచి వస్తారు?

ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగరు, కానీ మిగతా వాటన్నిటికంటే ఇదే ముఖ్యం. నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. తేదీ, పేరు, వస్తువు, డబ్బు అని గళ్లు గీసుకున్నాను. చివరి గడి పేరు "ఎలా తెలిసింది?" ఆర్డర్ ఇచ్చిన ప్రతివాళ్లనీ డబ్బు వచ్చాక ఈ ఒక్క మాట అడిగి రాసుకుంటాను.

మొదట్లో ఇన్‌స్టాగ్రామే అన్నం పెడుతోంది అనుకునేదాన్ని. ఆరు నెలల పేజీలు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. "వరలక్ష్మీ వ్రతానికి పోతే మా ఎదురింటావిడ తాంబూలం ఇచ్చింది, సంచి లోపల మీ నంబర్ ఉంది." "మా ఆఫీసులో ఒకమ్మాయి టిఫిన్ బ్యాగు చూసి అడిగాను." ఇలాంటివే సగం పైన. రీల్ చూసి వచ్చినవాళ్లు ఉన్నారు గానీ, వాళ్లు ధర అడిగి వెళ్లిపోయేవాళ్లే ఎక్కువ.

అప్పటి నుంచి ప్రతి సంచి లోపలి కుట్టులో వేలెడు నూలు టేపు మీద పేరు, వాట్సాప్ నంబర్ అచ్చు వేయించి కుట్టిస్తున్నాను. ఒక్కోదానికి రూపాయో రెండో పడుతుంది. కాగితం ట్యాగ్ ఆ రోజే చెత్తబుట్టలోకి పోతుంది, కుట్టిన టేపు సంచి చిరిగేదాకా ఉంటుంది. ఒక తాంబూలం సంచి ఏడాదిలో ఎన్ని చేతులు మారుతుందో ఆలోచించండి. వాడిన ప్రతి చోటా అది మన తరఫున నిలబడి మాట్లాడుతుంది.

ఒక హెచ్చరిక. మొదటి విడత టేపులు వచ్చినప్పుడు నేను సరిచూసుకోలేదు. నంబర్‌లో ఒక అంకె తప్పు. ఆ నంబర్ మదనపల్లె టమాటా మార్కెట్‌లో పనిచేసే ఒకాయనది. పాపం, "నా దగ్గర సంచులు లేవమ్మా, టమాటాలైతే ఎన్ని క్రేట్లు కావాలన్నా ఉన్నాయి" అని ఎందరికి చెప్పాడో. చివరికి ఆయనే ఎట్లాగో నా నంబర్ కనుక్కుని ఫోన్ చేశాడు. తప్పు పూర్తిగా నాదే. అచ్చుకి ఇచ్చే ముందు కాగితం మీద ఉన్న నంబర్‌కి మీరే ఒకసారి ఫోన్ చేసి చూసుకోండి.

ఫోటోలకు మంచి కెమెరా కొనాలా?

అక్కర్లేదు. మేడ మీద పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య వెలుతురు చాలు. నేను బట్టలు ఆరేసే తీగ మీద తెల్ల పంచె వేలాడదీస్తాను, అదే వెనక తెర. నీడ పడే వైపు ఒక థర్మోకోల్ షీటు నిలబెడితే వెలుగు తిరిగి వస్తువు మీద పడుతుంది. మధ్యాహ్నం మన ఊరి ఎండలో తీస్తే కలంకారీ ఎరుపు నారింజ రంగులా కనిపిస్తుంది, ట్యూబ్‌లైట్ కింద తీస్తే నల్లబడుతుంది. రంగు తేడా అని తిరిగొచ్చిన పార్శిళ్లు నాకు ఈ పాఠం నేర్పాయి. ఫిల్టర్లు అసలు వాడొద్దు.

ఒక్కో వస్తువుకీ నాలుగు ఫోటోలు చాలు: మొత్తం కనిపించేలా ఒకటి, గీత దగ్గరగా ఒకటి, లోపలి కుట్టు ఒకటి, మనిషి భుజానికి వేసుకున్నది ఒకటి. చివరిది లేకపోతే "సైజు ఎంత?" అనే ప్రశ్న రోజుకి పదిసార్లు వస్తుంది. కొలతలు రాసి పెట్టినా వస్తుందనుకోండి, కానీ కొంచెం తగ్గుతుంది.

పోస్టులో ఏం రాయాలి? "బ్యూటిఫుల్ హ్యాండ్‌మేడ్ బ్యాగ్" అని తప్ప ఇంకేం తోచదు.

చేసే పని రాయండి. అది మీకు రోజూ చూసి చూసి మామూలైపోయి ఉంటుంది, బయటివాళ్లకు కాదు.

నా విషయమే చెబుతాను. బెంగళూరు నుంచి ఒకావిడ దుపట్టా తెప్పించుకుని, "పాత గుడ్డ పంపారు, ఏదో పులిసిన వాసన వస్తోంది" అని కోపంగా మెసేజ్ పెట్టింది. నాకు ముందు టెన్షన్ వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. కొత్త కలంకారీ గుడ్డకు ఆ వాసన ఉండాలి. గుడ్డని కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు వల్ల కలంతో గీసిన రంగు పక్కకు పాకదు. నల్ల రంగు తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి ఊరబెడితే వస్తుంది. కరక్కాయ పట్టిన గుడ్డకి ఆ నీళ్లు తగిలితేనే నలుపు తేలుతుంది. చిత్తు గీతలకు చింత పుల్లల బొగ్గు. కలం అంటే చివర గుడ్డో ఉన్నో చుట్టిన వెదురు పుల్ల. ఆ చుట్టిన చోటును వేళ్లతో నొక్కుతుంటే రంగు కొద్దికొద్దిగా దిగుతుంది. ఇదంతా ఆవిడకు రాసి, నీడలో రెండు రోజులు ఆరేయమన్నాను. ఆవిడ దుపట్టా తిప్పి పంపలేదు సరికదా, నెల తర్వాత ఇంకో రెండు తెప్పించుకుంది.

ఆ మెసేజ్‌నే కొంచెం సరిచేసి పోస్టుగా పెట్టాను. నేను పెట్టిన వాటిలో ఎక్కువమంది దాచుకున్న పోస్టు ఇప్పటికీ అదే. ఆ నాలుగు వాక్యాలు ఇప్పుడు చీటీగా అచ్చు వేసి ప్రతి పార్శిల్‌లో పెడుతున్నాను. వాసన గురించిన ఫిర్యాదులు ఆగిపోయాయి.

ఊరి చరిత్ర కూడా పనికొస్తుంది, అతి చేయకుండా వాడితే. గుడి తెరల కోసం పుట్టిన పని ఇది. కనుమరుగయ్యే స్థితికి వచ్చాక 1950ల చివర్లో కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. జొన్నలగడ్డ గురప్ప శెట్టిగారికి ఈ కళలోనే 2008లో పద్మశ్రీ వచ్చింది. కొనేవాళ్లకి ఇవి ఒక్కోసారి ఒక్క ముక్క చెబితే చాలు. టెర్రకోట చేసేవాళ్లు పలమనేరు మట్టి గురించి, చెక్క బొమ్మలవాళ్లు మాధవమాల గురించి రాయొచ్చు, నిజంగా అక్కడి సరుకైతేనే.

భాష సంగతి. మనది మూడు రాష్ట్రాలు కలిసే మూల. చిత్తూరు నుంచి వేలూరు ఎంత దూరమని? నా కొనుగోలుదారుల్లో చెన్నై, బెంగళూరు వాళ్లు చాలామంది. తెలుగులో రాసి, కింద తమిళంలో రెండు వాక్యాలు పక్కింటి తమిళ అక్క చేత రాయిస్తాను. ఫోన్‌లో అనువాదం చేసి పెట్టినది ఒకసారి చదివి ఆవిడ పడీ పడీ నవ్వింది, అందుకని ఆ దారి మానేశాను.

ప్రింటు గుడ్డతో కుట్టి "శ్రీకాళహస్తి కలంకారీ" అని అమ్మవచ్చా?

వద్దు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు అక్కడి పనికే చెందుతుంది. అది చేత్తో కలంతో గీసిన పని. మచిలీపట్నం వైపు చేసేది చెక్క అచ్చులతో వేసేది, దానికి వేరే గుర్తింపు ఉంది. ఇక సూరత్ నుంచి వచ్చే స్క్రీన్ ప్రింటు ఈ రెండూ కాదు. ప్రింటు గుడ్డ అమ్మడం తప్పేమీ కాదు, నేనూ తక్కువ ధర సంచులకు వాడతాను, కానీ "ప్రింటు" అని పెద్ద అక్షరాలతో రాస్తాను. తెలిసినవాళ్లు గుడ్డ తిప్పి చూస్తారు. చేత్తో వేసిన దాంట్లో ఏ రెండు పువ్వులూ అచ్చంగా ఒకేలా ఉండవు, ఇట్టే పట్టేస్తారు.

ఇంట్లో లడ్డూలు చేసి "తిరుపతి లడ్డు" అని అమ్మాలనుకునేవాళ్లకు కూడా ఇదే మాట. ఆ పేరుకు 2009 నుంచి ఈ గుర్తింపు ఉంది, అది టీటీడీది.

ధర ఎంత పెట్టాలి?

చాలామంది గుడ్డ ఖర్చుకి వంద కలిపి చెప్పేస్తారు. ఏడాది తిరిగేసరికి చేతిలో ఏమీ మిగలక, "ఆన్‌లైన్‌లో లాభం లేదు" అంటారు. ఒక భుజం సంచి లెక్క ఇదిగో. కలంకారీ గుడ్డ 260, లోపలి గుడ్డ, కాన్వాస్ 60, జిప్పు, దారం 25, కుట్టు కూలి 100, టేపు, కవరు, అట్టపెట్టె 30. ఇక్కడి దాకా 475. ఫోటో తీసి, పదిహేను మెసేజీలకు జవాబిచ్చి, ప్యాక్ చేసి పోస్టాఫీసుకు పోయినందుకు నా కూలి 60. పాడైనవి, తిరిగొచ్చినవి ఉంటాయి కాబట్టి ఒక్కోదాని మీద 25. మొత్తం 560. నేను 750కి అమ్ముతాను. మిగిలే 190లోంచే యాడ్ ఖర్చు, పండగ డిస్కౌంటు, స్టాల్ అద్దె అన్నీ రావాలి.

"నా కూలి" అన్న గడి కొట్టేయకండి. రేపు పని పెరిగి ప్యాకింగ్‌కి మనిషిని పెట్టుకుంటే ఆ 60 ఆవిడకి ఇవ్వాలి. అప్పుడు ధర పెంచితే పాత కొనుగోలుదారులు ఊరుకోరు.

ధర పోస్టులోనే వేయాలా, "ఇన్‌బాక్స్‌లో అడగండి" అనాలా?

పోస్టులోనే వేయండి. ధర దాస్తే చాలామంది అడగరు, వెళ్లిపోతారు. అడిగినవాళ్లు కూడా మనిషిని బట్టి రేటు చెబుతారేమో అని అనుమానిస్తారు.

బేరం ఆడితే?

ఆడతారు, మనం కూరగాయల దగ్గర ఆడమా? ధర తగ్గించను. రెండు తీసుకుంటే పోస్టు ఖర్చు నాది అంటాను. తొంభై శాతం అక్కడితో తెగిపోతుంది. "మూడొందలకు ఇస్తారా?" అనేవాళ్లకు ప్రింటు సంచి ఫోటో పంపుతాను.

రీల్స్ రోజూ చేయాలా? మొహం చూపించడం నాకిష్టం లేదు.

మొహం చూపించాల్సిన పనే లేదు. చేతులు చాలు. కుట్టు మిషన్ సూది కింద గుడ్డ కదలడం, క్రోషే సూదికి దారం చుట్టుకోవడం, మట్టి పూసకు చీపురు పుల్లతో రంధ్రం వేయడం — ఇవి జనం ఆగి చూస్తారు. వారానికి రెండు చేస్తే చాలు, రోజూ అని మొదలుపెట్టి రెండో వారానికి వదిలేసేకంటే ఇది నయం. బిజినెస్ అకౌంట్ అయితే సినిమా పాటలు చాలావరకు వాడనివ్వదు. నాకు అది మంచిదే అయింది. మిషన్ చప్పుడు, వెనక మా వీధిలో పూలమ్మే ఆమె కేక అలాగే వదిలేశాను. ఆ కేక విని "ఇది తిరుపతే కదా!" అని న్యూజెర్సీ నుంచి ఒకాయన కామెంట్ పెట్టాడు. ఆ తర్వాత కొన్నాడు కూడా.

ఫాలోవర్లను కొనవచ్చా?

వద్దు. వాళ్లు సంచులు కొనరు.

ఇన్‌ఫ్లుయెన్సర్లు ఫ్రీగా వస్తువు పంపమంటున్నారు. పంపాలా?

లక్షల్లో ఫాలోవర్లు ఉన్నవాళ్లకంటే, చీరలు కట్టుకుని తన వంటింట్లోంచి మాట్లాడే ఐదువేల ఫాలోవర్ల అమ్మాయి నాకు ఎక్కువ ఆర్డర్లు తెచ్చింది. వాళ్ల పోస్టుల కింద కామెంట్లు చదవండి. "ఎక్కడ కొన్నారు?" అని అడిగేవాళ్లు ఉంటే పంపండి. వరుసగా మంట బొమ్మలు, గుండె బొమ్మలే ఉంటే వదిలేయండి. పంపే ముందు ఎన్ని పోస్టులు, ఎప్పటిలోగా అని మెసేజ్‌లో రాయించుకోండి. డబ్బు తీసుకున్నా, వస్తువు ఊరికే తీసుకున్నా అది ప్రకటన అని పోస్టులో చెప్పాలి. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021లోనే ఈ నియమాలు పెట్టింది. చెప్పనంటే ఆ మనిషి మనకొద్దు.

డబ్బు పెట్టి యాడ్ వేయడం పనికొస్తుందా?

పనికొస్తుంది, లెక్క తెలిస్తే. రోజుకి 200 చొప్పున ఐదు రోజులు పెట్టారనుకోండి, వెయ్యి. నలభై మంది మెసేజ్ చేశారు, నలుగురు కొన్నారు. అంటే ఒక్కో ఆర్డర్‌కి యాడ్ ఖర్చు 250. నాకు సంచి మీద మిగిలేది 190. అంటే ఎదురు పెట్టుకుని అమ్మినట్టే. ఆ నలుగురిలో ఇద్దరు మళ్లీ కొంటే గిట్టుబాటు, లేకపోతే లేదు. అందుకే ఒక్క సంచికి యాడ్ వేయను. పాతిక, యాభై తాంబూలం సంచుల ఆర్డర్‌కి వేస్తాను.

పోస్టు కింద కనిపించే "బూస్ట్" బటన్ (డబ్బు తీసుకుని పోస్టుని ఎక్కువమందికి చూపించేది) తొందరపడి నొక్కకండి. నొక్కినా ఊళ్లు మీరే ఎంచుకోండి. నేను ఊరు ఎంచుకోకుండా వదిలేసినప్పుడు, ఎక్కడెక్కడి నుంచో లైకులు వచ్చాయి గానీ ఒక్క ఆర్డర్ లేదు. ఇప్పుడు చెన్నై, బెంగళూరు, హైదరాబాద్ మాత్రమే పెడతాను. యాడ్ నొక్కితే నేరుగా వాట్సాప్ తెరుచుకునే రకం ఎంచుకోండి. మీరు జవాబివ్వగలిగే వేళల్లోనే నడపండి. రాత్రి వచ్చిన మెసేజ్‌కి పొద్దున జవాబిస్తే వాళ్లు ఈలోగా ఇంకెక్కడో కొనేసి ఉంటారు.

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషోలో పెట్టవచ్చా?

పెట్టవచ్చు. అమెజాన్‌లో కారీగర్, ఫ్లిప్‌కార్ట్‌లో సమర్థ్ అని చేతిపనివాళ్ల కోసం విడిగా కార్యక్రమాలు ఉన్నాయి. కమీషన్, పోస్టు ఖర్చు, రిటర్నులు అన్నీ కలిపి పైన చెప్పిన 190లో ఎంత పోతుందో ముందు కాగితం మీద వేసుకోండి. ఇంకో ఇబ్బంది ఏమిటంటే, అక్కడ కొన్నవాళ్ల నంబర్ మనకు రాదు. నా నోట్‌బుక్‌లో చివరి గడి ఖాళీగా ఉండిపోతుంది. టేపు ఒక్కటే దిక్కు.

జీఎస్టీ గురించి: ఇదివరకు ఇలాంటి సైట్లలో అమ్మాలంటే ఎంత చిన్న వ్యాపారమైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 2023 అక్టోబర్ 1 నుంచి, ఏడాది అమ్మకాలు (టర్నోవర్) పరిమితి లోపల ఉన్న చిన్న వ్యాపారులు సొంత రాష్ట్రంలోపలే అమ్మేటట్టయితే రిజిస్ట్రేషన్ లేకుండా ఎన్‌రోల్‌మెంట్ నంబర్‌తో అమ్మవచ్చు. కానీ మనకు చెన్నై కూతవేటు దూరం, అది వేరే రాష్ట్రం. కొన్ని చేతివృత్తుల వస్తువులకు రాష్ట్రం దాటే అమ్మకాల్లోనూ మినహాయింపు ఉంది. మీ వస్తువు ఆ జాబితాలో ఉందో లేదో ఒక ఆడిటర్‌ని కూర్చోబెట్టి అడగండి, ఆ ఫీజు దండగ కాదు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాన్ని ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడం, మాత్రం ఉచితం. ప్రభుత్వ సైట్‌లో మీరే చేసుకోవచ్చు. దానికి రెండు వేలు, మూడు వేలు అడిగే సైట్లు ప్రభుత్వానివి కావు.

సబ్బులు, పచ్చళ్లు, ఎర్రచందనం బొమ్మలు అమ్మవచ్చా?

తినేవాటికి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్, దాని 14 అంకెల నంబర్ ప్యాకెట్ మీద ఉండాలి. ఒంటికి వాడే సబ్బులు, క్రీములు కాస్మెటిక్స్ కిందికి వస్తాయి, ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ కావాలి. "నాచురల్" అని రాస్తే లైసెన్స్ అక్కర్లేదు అనేది వాట్సాప్ గ్రూపుల్లో పుట్టిన మాట. ఎర్రచందనం శేషాచలం చుట్టుపక్కల తప్ప పెద్దగా పెరగని చెట్టు, అంతర్జాతీయ ఒప్పందాల కింద కూడా ఆంక్షలున్న సరుకు. అటవీ శాఖ కాగితాలు లేకుండా ముట్టుకోవద్దు. వేరే చెక్కతో చేసిన బొమ్మని "రెడ్ శాండర్స్" అని గొప్పగా రాసుకోవద్దు, లేనిపోని తలనొప్పి.

తిరుపతికి ఇంతమంది యాత్రికులు వస్తారు కదా, వాళ్లకు ఎలా చేరాలి?

గూగుల్‌లో బిజినెస్ ప్రొఫైల్ పెట్టండి, ఉచితం. ఇంటి చిరునామా కనిపించకూడదు అనుకుంటే దాచి, ఏ ఊళ్లలో ఇస్తారో మాత్రం పెట్టవచ్చు. దర్శనం అయ్యాక రైలుకి నాలుగైదు గంటలుంటే జనం గదిలో కూర్చుని ఫోన్‌లో వెతుకుతారు. "తిరుపతిలో కలంకారీ" అని వెతికినవాళ్లకు నేను కనిపిస్తాను. ఫోటోలు చూసుకుని డబ్బు పంపితే మా అబ్బాయి స్కూటర్ మీద వాళ్ల హోటల్ రిసెప్షన్‌లో ఇచ్చి వస్తాడు.

కొండ మీద ప్లాస్టిక్ కవర్లు నిషేధం. ఈ సంగతి తెలియక వచ్చేవాళ్లు చాలామంది. "కొండకు తీసుకెళ్లడానికి గుడ్డ సంచి" అని ఒక చవక రకం పెట్టాను. బేరం లేకుండా పోయేది అదే.

ఏ నెలలో ఏది అమ్ముడవుతుంది?

శ్రావణ మాసం మనకు పంట. వరలక్ష్మీ వ్రతం తాంబూలం సంచుల ఆర్డర్లు ఆషాఢంలోనే మొదలవుతాయి కాబట్టి, ఫోటోలు జ్యేష్ఠంలోనే పెట్టాలి. వ్రతం వారం ముందు పెడితే లైకులే మిగులుతాయి. తర్వాత దసరా. చిత్తూరు వైపు తమిళ అలవాటుతో చాలా ఇళ్లలో బొమ్మల కొలువు దసరాకే పెడతారు, కోస్తాలో సంక్రాంతికి ఎక్కువ. బొమ్మలు చేసేవాళ్లు రెండు సీజన్లూ వాడుకోవచ్చు. దీపావళికి ఆఫీసుల ఆర్డర్లు వస్తాయి, వాళ్లు బిల్లు అడుగుతారు.

బ్రహ్మోత్సవాల రోజుల్లో, ముఖ్యంగా గరుడ సేవ నాడు, "రేపు పంపుతాం" అని ఎవరికీ మాటివ్వకండి. ఊళ్లో బండి కదలదు.

వాన సంగతి ఎవరూ ముందుగా చెప్పరు. మనకు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు. కలంకారీ గుడ్డ ఒక్కో రంగుకీ ఉతికి ఎండబెట్టాలి. ముసురు పడితే శ్రీకాళహస్తిలో పని నిలిచిపోతుంది. సరిగ్గా అప్పుడే పెళ్లిళ్ల ఆర్డర్లు వస్తాయి. నేను సెప్టెంబర్ లోపే గుడ్డ తెచ్చి బీరువాలో పెట్టుకుంటాను. మట్టి నగలవాళ్లకూ ఇదే కష్టం.

పార్శిల్ గురించి ఏం తెలుసుకోవాలి?

బరువు రెండు రకాలు. త్రాసు చూపించేది ఒకటి, పెట్టె ఆక్రమించే చోటుని బట్టి కొరియర్‌వాళ్లు లెక్కవేసేది ఇంకొకటి. రెంటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి మామూలుగా 5000తో భాగిస్తారు. 40, 30, 20 పెట్టె అయితే 24,000ని 5000తో భాగిస్తే 4.8 కిలోలు. లోపల ఉన్న కుషన్ కవర్లు కిలో కూడా ఉండవు. మొదటి దీపావళికి నేను అందమైన పెద్ద పెట్టెల్లో పంపి, లాభమంతా గాలికి కట్టాను, నిజంగా గాలికే. ఇప్పుడు గుడ్డ సరుకంతా మడిచి కవర్లో, స్పీడ్ పోస్టులో. పల్లెటూరి పిన్‌కోడ్ ఏదైనా పోస్ట్‌మ్యాన్ చేరుస్తాడు.

క్యాష్ ఆన్ డెలివరీ నేను మానేశాను. తలుపు దగ్గర "వద్దు" అంటే రానూ పోనూ ఖర్చు మనదే. అంతగా నమ్మకం లేదన్నవాళ్లని సగం అడ్వాన్స్ ఇవ్వమంటాను.

పార్శిల్ లోపల చీటీలో "ఈ నంబర్ సేవ్ చేసుకోండి, కొత్త గుడ్డ రాగానే ముందు మీకే ఫోటో" అని రాయండి. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ (ఒకే మెసేజ్ చాలామందికి ఒకేసారి పంపడం) మన నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది, అందుకు.

మోసాలు ఉంటాయా?

ఉంటాయి. "నేను ఆర్మీ ఆఫీసర్‌ని, క్యాంపుకి యాభై సంచులు కావాలి" అని హిందీలో ఫోన్ వస్తుంది. ఐడీ కార్డు ఫోటో కూడా పంపుతారు. రేటు కూడా బేరమాడరు, అక్కడే అనుమానం రావాలి. తర్వాత "డబ్బు పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. మనకు డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే మన ఖాతాలోంచి పోతున్నట్టే. పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. డబ్బు పంపినట్టు స్క్రీన్‌షాట్ పెట్టేవాళ్లు ఇంకో రకం. స్క్రీన్‌షాట్ చూసి కాదు, బ్యాంకు మెసేజ్ చూసి పంపండి.

ఎవరైనా చెడ్డ రివ్యూ రాస్తే?

ఆ రోజు జవాబు రాయకండి. మర్నాడు రాయండి, రెండు వాక్యాల్లో. తప్పు మనదైతే ఒప్పుకుని వస్తువు మార్చివ్వండి. మంచి రివ్యూ కావాలంటే పార్శిల్ అందిన మూడో రోజు "అందిందా అమ్మా, సైజు సరిపోయిందా?" అని మాత్రం అడగండి. ఫోటో వాళ్లే పంపుతారు. దాన్ని పోస్టు చేసే ముందు వాళ్లని అడగాలి, ఇంట్లో పిల్లలు ఫోటోలో పడి ఉంటారు.

రాత్రి పదకొండుకి కూడా మెసేజీలు వస్తున్నాయి. ఇంట్లో గొడవ అవుతోంది.

వాట్సాప్ బిజినెస్‌లో పనివేళలు పెట్టి, ఆ తర్వాత వచ్చే మెసేజ్‌లకు దానంతటదే జవాబు పోయేలా పెట్టుకోవచ్చు. నాది "రేపు పొద్దున తొమ్మిదికి చూస్తానండీ" అని పోతుంది. అలా పెట్టినందుకు పోయిన ఆర్డర్లు ఉన్నాయి, లేవని అనను. యాడ్ నడిచే ఐదు రోజులు మాత్రం పదిన్నర దాకా చూస్తాను, ఇంట్లోవాళ్లకి ముందే చెప్పి. మిగతా రోజుల్లో తొమ్మిది దాటితే షాపు ఫోన్ వంటింట్లో ఫ్రిజ్ మీద ఉంటుంది, ఛార్జింగ్‌కి.